నలభై పేర్లు చదివితే నలభై మూడు వినిపించిన హాలు

నేను దయ్యాలను నమ్మను. నమ్మకపోవడమే కాదు, నమ్మేవాళ్ళతో గొడవ పెట్టుకునే రకాన్ని. మా అత్తగారు ఒకసారి మా పిల్లాడికి దిష్టి తీసి, మిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని, అంత దిష్టి తగిలిందని అంటే, అవి నిరుటి మిరపకాయలు కాబట్టి ఘాటు లేదని ఆమె ముఖం మీదే అన్నాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి ఈమెకు మొదటి నుంచీ ఇలాంటివంటే సరదా అని ఎవరూ అనుకోకూడదు.

నా పేరు స్వరూప. నిజామాబాద్‌లో ఒక విత్తనాల కంపెనీలో పదకొండేళ్ళుగా ఆఫీసు పనులు చూస్తున్నాను. మా కంపెనీ రైతులతో ఎర్రజొన్న, మక్క విత్తనాలు పండిస్తుంది. ఏడాదికి ఒకసారి ఆ రైతులందరినీ పిలిచి మీటింగ్ పెడతాం. పొద్దున ఉపన్యాసాలు, బాగా పండించినవాళ్ళకు శాలువాలు, మధ్యాహ్నం భోజనాలు. హాలు చూడటం నా పని. భోజనం బాగుంటే వంటవాడికి పేరు, ఉపన్యాసం బాగుంటే మా సార్‌కు పేరు. ఏదైనా తేడా వస్తే మాత్రం "హాలు చూసిందెవరు?" అని అడుగుతారు.

నిరుడు తేడా వచ్చింది. టౌన్‌లో బస్టాండుకు దగ్గరగా ఉందని మొదటి అంతస్తులో ఒక హాలు తీసుకున్నాను. భోజనాలకు ముందు కరెంటు పోయి, కింద జనరేటర్ గదిలో నుంచి పొగ వచ్చింది. పెద్ద పొగ కూడా కాదు. ఎవరో అరిచారు. రెండు వందల మంది ఒక్క మెట్లదారి మీద పడ్డారు. స్టేజి వెనక ఇంకో దారి ఉంది. మా ఆఫీసులో పనిచేసే సాయిలు స్టేజి మీద నిలబడి, ఇటు రండి, ఇటు రండి అని గొంతు చించుకున్నాడు. మైకు పనిచేయడం లేదు. వెనక వరుసల్లో ఒక్కరికీ వినపడలేదు.

ఆ తోపులాటలో లింగవ్వ అనే పెద్దావిడ మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగింది. ఆమె వర్ని వైపు ఊరినుంచి, మీటింగ్‌కని కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఇప్పటికీ ఎవరైనా పట్టుకుంటే తప్ప నడవలేదు. నేను చూడటానికి వెళ్ళినప్పుడల్లా "నీదేం తప్పున్నది బిడ్డా" అంటుంది. తిట్టినా బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆ హాలు ఎంచుకున్నది నేనే. మెట్లు చూశాను, లెక్కపెట్టాను కూడా. ఒక్కసారైనా మనసులో జనాన్ని వాటి మీద నడిపించి చూసుకోలేదు.

అందుకే ఈ ఏడు సార్ మళ్ళీ ఆ పని నాకే అప్పగించినప్పుడు వద్దందామనుకున్నాను. అనలేదు. వేరేవాళ్ళు చూస్తే ఇంకా భయం. నా వల్ల మళ్ళీ ఎవరికీ ఏమీ కాకూడదు, అదొక్కటే నాకు కావలసింది.

ఈసారి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సాయిలు మా ఫీల్డ్ ఆఫీసర్. పొలాల వెంట తిరిగి రైతులతో మాట్లాడేది అతనే, గొంతు కూడా గట్టిది. ప్రతి హాల్లో అతను స్టేజి మీద మైకు లేకుండా నిలబడి, మా రైతుల లిస్టులో నుంచి నలభై పేర్లు, ఊరు, పేరు, ఊరు, పేరు, అలా చదవాలి. నేను ఆఖరి వరుసలో కూర్చుని, లిస్టు చూడకుండా, వినపడినవి తెల్లకాగితం మీద రాసుకోవాలి. ఏ నలభై చదువుతాడో కూడా నాకు చెప్పకూడదు. తర్వాత రెండూ పక్కన పెట్టి చూసుకుంటాం. సాయిలు ఫోన్‌లో రికార్డు కూడా చేసేవాడు, ఆ గొంతు ఎలా ఉందో సార్‌కు వినిపించడానికి.

ఈ పద్ధతి చూసి హాళ్ళవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళు స్టేజి మీద బంగారు రంగు సోఫా చూపిస్తారు, ఏసీ చూపిస్తారు, వేయమంటే పెండ్లి రోజు వేస్తామంటారు. నేను తలుపులు ఎటు తెరుచుకుంటాయో చూస్తూ తిరిగేదాన్ని. "గీ మేడం కల్యాణమండపం జూస్తుందో జైలు జూస్తుందో సమజ్ అయితలేదు" అని ఒకాయన సాయిలుతో అన్నాడట.

టౌన్‌లో చూసిన మొదటి హాల్లో నలభైకి ముప్పై ఒకటి రాయగలిగాను. రెండోది పైకప్పు ఎత్తు ఎక్కువ, మాట పైకి పోయి తిరిగి వచ్చేది. అక్కడ ఇరవై ఆరు. మూడో హాలు బోధన్ దాటాక కోటగిరి పోయే దారిలో ఉంది. ఈసారి రైతులు ఎక్కువమంది అటువైపు వాళ్ళే కాబట్టి సార్ కూడా అటే చూడమన్నారు.

ఆ హాలు ప్రసాదరావు గారిది. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కున్న కుటుంబం. హాలు కట్టి నాలుగేళ్ళయింది. చూడగానే నాకు నచ్చింది. నేల మీదే ఉంది, ఒక్క మెట్టు లేదు. రెండు పక్కలా రెండేసి పెద్ద తలుపులు, అన్నీ బయటికే తెరుచుకుంటాయి. ముందు బస్సులు తిరిగేంత జాగా. ఆడవాళ్ళ బాత్రూముల్లో నీళ్ళు కూడా వస్తున్నాయి. ఇన్నేళ్ళ నా అనుభవంలో అదొక వింత.

మేం వెళ్ళింది పొద్దున పదకొండున్నరకు. మంచి ఎండ. హాలు ఖాళీ, ఫ్యాన్లు ఆపి ఉన్నాయి. ప్రసాదరావు గారు ఫోన్ వస్తే గేటు దగ్గరికి వెళ్ళారు, ఆయన తెల్లచొక్కా నాకు తలుపులో నుంచి కనపడుతూనే ఉంది. లోపల నేను, స్టేజి మీద సాయిలు. ఇంకెవరూ లేరు. ఈ సంగతి తర్వాత నేను చాలాసార్లు గుర్తు చేసుకున్నాను కాబట్టి ఇంత కచ్చితంగా చెప్తున్నాను.

సాయిలు చదివాడు, నేను రాశాను. ప్రతి పేరూ పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది. మధ్యలో మూడుచోట్ల పేరు తర్వాత "బండి" అన్నట్టు వినపడింది. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను, సాయిలుకు ఆ అలవాటు ఉంది. అయినా వినపడింది వినపడినట్టు రాయాలన్నది నేను పెట్టుకున్న రూలే కాబట్టి అది కూడా రాశాను.

అయిపోయాక కాగితంలో పేర్లు లెక్కపెడితే నలభై మూడు ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. నలభై మూడే.

సాయిలు తన లిస్టు పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క పేరు కొట్టేసుకుంటూ పోయాం. నలభై సరిపోయాయి, ఒక్కటి కూడా తప్పు లేదు. మిగిలినవి మూడు. కోటగిరి పోశెట్టి, బండి. కందకుర్తి హన్మాండ్లు, బండి. సాలూర గంగారాం, బండి. మూడూ నా చేతిరాతే.

"గివి నేను చదవలే అక్కా," అన్నాడు సాయిలు.

"నీ గొంతే సాయిలూ. బండి అని ఎందుకన్నావు?"

"బండి ఏంది? నా పిల్లల మీద ఒట్టు, నేను అనలే. సూడు, గీ లిస్టుల ఉన్నయా ఆ పేర్లు?"

లేవు. మా కంపెనీ రైతుల మొత్తం లిస్టులో కూడా లేవు, ఆఫీసుకు వచ్చాక కంప్యూటర్‌లో వెతికాను. నాకు ఆ మూడు ఊళ్ళలో తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాది ఆర్మూర్ వైపు. కందకుర్తికి ఒకసారి నదీ సంగమం దగ్గర స్నానానికి వెళ్ళాను, అదీ చిన్నప్పుడు.

అక్కడే కుర్చీలో కూర్చుని సాయిలు ఫోన్‌లో రికార్డు పెట్టాడు. అందులో నలభై పేర్లే ఉన్నాయి. నాకు ప్రాణం కుదుటపడింది. నిద్ర చాలక నేనే ఏదో రాసి ఉంటానని అనబోయాను. అంతలో సాయిలు ఫోన్ వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. అతను గుక్క తిప్పుకోకుండా చదువుకుంటూ పోయే మనిషి. కానీ రికార్డులో మూడుచోట్ల ఆగాడు. ఒక పేరూ ఒక మాటా పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. నా కాగితంలో ఆ మూడు పేర్లు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడ.

"నేను ఆగలే అక్కా," అన్నాడు మళ్ళీ. ఈసారి గొంతు బాగా తగ్గింది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. అన్నీ కుదిరిన హాలు దొరికితే ఇదేం పీడ అనిపించింది.

ప్రసాదరావు గారికి ఇదంతా చెప్పలేదు. ఈ జాగాలో ముందు ఏముండేది అని మాత్రం అడిగాను. "పాతకాలంలో ఇక్కడ చిన్న ఖండసారి చక్కెర మిల్లు ఉండేదటండి," అన్నారాయన. "నాన్నగారు కొనేటప్పటికే గోడలు కూడా లేవు. మన హాలున్న చోటే చెరకు బళ్ళు ఆగేవటండి. చెరకు తూచే కాటా దగ్గర పనిచేసిన ఖాదర్ గారని ఒకాయన బోధన్‌లో ఉన్నారు. ఇక్కడ పెళ్ళిళ్ళకొచ్చినప్పుడల్లా ఆ కబుర్లే చెబుతారు."

సాయిలు వద్దే వద్దన్నాడు. ముప్పై ఒకటి వినపడిన టౌన్ హాలే తీసుకుందామన్నాడు. ఆ మాట విని ఉంటే నాకు ఈ రోజు రాయడానికి ఏమీ ఉండేది కాదు. కానీ అక్కడ ఆఖరి వరుసకు నలభైలో తొమ్మిది పేర్లు వినపడలేదు. ఆ వరుసలో ఒక లింగవ్వ ఉంటుంది. తెలిసి తెలిసి ఆ హాలు ఎలా తీసుకుంటాను? కారణం కనుక్కుంటే సరిపోతుందని, ఆ మర్నాడే ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్ళాం.

ఆయనకు ఎనభై దాటి ఉంటాయి. ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉర్దూ పేపరు చదువుకుంటున్నారు. కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, చెవులే వినపడవు. మాట్లాడాలంటే కుడిచెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. కంపెనీ మీటింగ్‌కు ఆ హాలు చూస్తున్నామని చెప్పగానే సంబరంగా మొదలుపెట్టారు. పొద్దున్నే చెరకు బళ్ళు వచ్చి ఆ మైదానం నిండా నిలబడేవి. ఈయన కాటా పక్కన గదిలో కూర్చుని వరుస ప్రకారం పేర్లు పిలిచేవారు. పిలిచినవాళ్ళు "ఉన్న" అని పలికి బండి తోలుకుని కాటా మీదికి రావాలి.

"ఎలా పిలిచేవాళ్ళు?" అని అరిచాను.

ఆయన వెన్ను నిటారు చేసుకున్నారు. "ఊరు, పేరు, అటెన్క బండి. ట్రాక్టర్ దెస్తే ట్రాక్టర్ అనెటోన్ని. కోటగిరి ఫలానా, బండీ! గిట్ల."

సాయిలు నా వంక చూశాడు. నేను సంచిలో నుంచి కాగితం తీసి, ఆయన చెవి దగ్గర మొదటి రెండు పేర్లు చదివాను. కోటగిరి పోశెట్టి. కందకుర్తి హన్మాండ్లు.

ఆయన చేతిలో పేపరు మడత పెట్టి పక్కన పెట్టారు.

"మూడోడు సాలూర గంగారాం," అన్నారు. "ఎవలు జెప్పిండ్రు బేటీ నీకు? ఎవలకు తెల్వదు గది."

నేను చదవకముందే ఆ పేరు ఆయన నోటి నుంచి వచ్చింది. ఇది సాయిలు కూడా విన్నాడు.

మాకు జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తన సంగతి చెప్పారు. మిల్లులో ఒక రూల్ ఉండేది. ప్రతి పేరూ మూడుసార్లు పిలవాలి. మూడుసార్లకూ పలకకపోతేనే పేరు ఎదుట గైర్‌హాజర్ అని రాయాలి. అప్పుడు ఆ బండి వరుస మర్నాటికి పోతుంది. ఒక చలికాలం ఆయనకు జలుబు చేసి గొంతు పోయింది. ఒకవైపు మిషన్ మోత. ఆ రోజు అందరినీ ఒక్కొక్కసారే పిలిచారు. ఈ ముగ్గురి బళ్ళు మైదానం చివర ఉన్నాయి, వాళ్ళకు వినపడలేదు. పలకలేదని గైర్‌హాజర్ రాసేశారు.

సాయంత్రం మైదానం ఖాళీ చేయించారు. ముగ్గురూ బళ్ళు రోడ్డు పక్కన నిలుపుకున్నారు, మర్నాటి వరుస కోసం. తెల్లవారుతుండగా పొగమంచులో లారీ వచ్చి బళ్ళను గుద్దింది. పోశెట్టి, హన్మాండ్లు అక్కడికక్కడే పోయారు. గంగారాం కాలువకు ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు కాబట్టి మిగిలాడు.

"పది దినాలకు గంగారాం నా తాన్కి వచ్చిండు," అన్నారు ఖాదర్ సాబ్. "కొట్లాటకు రాలే. ఒక్కటే అడిగిండు. మా పేర్లు పిలిచినవా సాబ్ అని. పిలిచిన, మూడు సార్లు పిలిచిన అన్న. ఝూట్ జెప్పిన బేటీ. మా తప్పే అయితది గట్లయితే అనుకుంట పోయిండు. భూమి అమ్ముకొని మహారాష్ట్ర దిక్కు పోయిండన్నరు. ఉన్నడో పోయిండో, గిప్పటి దాకా తెల్వదు."

నా ముందు కూర్చున్నది దయ్యాల కథలు చెప్పే ముసలాయన కాదు. పేర్లు వినిపించడమే ఆయన పని, ఒక్కరోజు వినిపించలేదు. లింగవ్వ పక్కన నేను కూర్చున్నట్టే ఆయన ఇన్నేళ్ళు ఒక్కరే కూర్చున్నారు.

లేవబోతుంటే నా చేయి పట్టుకున్నారు. ఆ హాల్లో ఒక్కసారి తనను పిలవనివ్వమన్నారు. అప్పుడు పిలవాల్సిన మూడుసార్లు ఇప్పుడు పిలుస్తానన్నారు. సాయిలు కళ్ళతోనే వద్దన్నాడు. నేను సరే అన్నాను. సగం జాలి. మిగతా సగం, నిజం చెప్పాలంటే, ఇదే పరీక్ష మళ్ళీ చేసి ఏమీ లేదని తేల్చుకుందామని.

రెండు రోజుల తర్వాత ఆయన్ను కార్లో తీసుకుపోయాం. అదే పదకొండున్నర. నేను అదే కుర్చీలో కూర్చున్నాను, అలాంటి తెల్లకాగితమే పెట్టుకున్నాను. ఖాదర్ సాబ్ ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకుని వచ్చారు. సాయిలు ఆయన్ను చేయి పట్టి స్టేజి ఎక్కించి, ఫోన్‌లో రికార్డు పెట్టి, కింద స్టేజి పక్కన నిలబడ్డాడు.

ఆ వయసులో అంత గొంతు ఉంటుందనుకోలేదు. "కోటగిరి పోశెట్టీ, బండీ!" అన్నారు. ఆగి, మళ్ళీ అన్నారు. మూడోసారి పిలిచాక "ఉన్న" అని వినపడింది. స్టేజి వైపు నుంచి, మగగొంతు, మామూలుగా. సాయిలు పలికాడనుకున్నాను. పెద్దాయన మనసు కుదుటపడాలని పలికాడని, ఆ మాత్రం మంచితనం అతనికుందని సంతోషించాను కూడా. ఉన్న అని రాసుకున్నాను. హన్మాండ్లు పేరు రెండోసారికే పలికింది. అదీ రాశాను. రూలు రూలే కాబట్టి ఆయన మూడోసారి కూడా పిలిచారు.

గంగారాం పేరు మూడుసార్లు పిలిచారు. ఎవరూ పలకలేదు. ఇంతవరకూ పలికినవాడు ఈ ఒక్కదానికి ఎందుకు ఊరుకున్నాడని సాయిలు మీద విసుగు పుట్టింది. ఖాదర్ సాబ్ చాలాసేపు ఎదురుచూశారు. తర్వాత సాయిలు భుజం పట్టుకుని కిందికి దిగి, కుర్చీల మధ్య నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"నాకైతే ఇనరాదు," అన్నారు. "ఏమన్నరు బేటీ?"

నేను ఒక్క నిమిషం ఆగి సాయిలును అడిగి ఉండాల్సింది. అడగలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఆయన చెవిలో చెప్పేశాను. ఇద్దరు పలికారు, గంగారాం పలకలేదు అని.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఏడుస్తున్నారనుకుని నీళ్ళు తీయబోయాను. ఏడుపూ నవ్వూ రెండూ కలిసి ఉన్నాయి ముఖంలో.

"పోయినోళ్ళు పలికిండ్రు," అన్నారు. "గంగారాం పలకలే. అంటే వాడు ఈడ లేడు. జిందా ఉన్నడు బేటీ! గంగారాం బతికున్నడు!"

నేను సాయిలు వైపు చూశాను. అతను తెల్లబోయి చూస్తున్నాడు. "ఎవలు పలికిండ్రక్కా? నేను నోరే తెరవలే," అన్నాడు.

రికార్డులో ఖాదర్ సాబ్ గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఈసారి మధ్యలో ఖాళీలు చూసి తేల్చుకోవడానికి కూడా లేదు, ఆయనే ప్రతి పిలుపు తర్వాతా ఆగారు కాబట్టి.

మీటింగ్ ఆ హాల్లోనే పెట్టాను. ఎందుకు పెట్టావని చాలామంది అడుగుతారు. బయటికి తెరుచుకునే నాలుగు తలుపులు ఎక్కడా దొరకలేదు, అంతే. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది కూడా. సాయిలు మైకు పక్కన పెట్టి, ఎవరూ లేవకండి, భోజనాలు కుడిపక్క తలుపుల్లో నుంచి అని చెప్పాడు. ఆఖరి వరుస దాకా అందరికీ వినపడింది. ఎవరూ తోసుకోలేదు. సాయంత్రం బస్సులు వెళ్ళేవరకూ గేటు దగ్గరే నిలబడి ఒక్కొక్కరినీ ఎక్కించాను. ఎవరికీ చిన్న దెబ్బ తగలలేదు. సార్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు.

సంతోషపడాల్సిన రోజది. కానీ అప్పటికే ఖాదర్ సాబ్ తన మనవడిని మహారాష్ట్రలో ఉన్న ధర్మాబాద్ పంపారు, సాలూర గంగారాం అనే మనిషి ఎక్కడైనా ఉన్నాడేమో కనుక్కు రమ్మని. తర్వాత దెగ్లూరు పంపారు. సంతలో మరాఠీ వ్యాపారులు ఎవరు కనపడినా ఆపి అడుగుతున్నారట. మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా గడప దాటని మనిషి ఒకరోజు తనే బస్సెక్కి పోయి, చీకటి పడే వేళకు తిరిగొచ్చారు. ఆయన కోడలు నాకు ఫోన్ చేసి, "మా మామకు ఏం జెప్పినవమ్మా? అన్నం గూడ సక్కగ తింటలేడు," అంది.

నా వల్ల ఎవరికీ ఏమీ కాకూడదని నలభై పేర్లు చదివించుకుంటూ తిరిగాను. హాల్లో రెండు వందల మంది క్షేమంగా ఉన్నారు. ఈ ఒక్క ముసలాయనను మాత్రం నేనే రోడ్డు మీదికి తోలాను.

నిద్ర చాలక విన్నాననుకుందామంటే మూడో పేరు ఆయన నేను చదవకముందే చెప్పారు. అంతకుముందు ఎప్పుడో ఎవరినుంచో విని మరచిపోయాననుకుందామంటే, "బండి" అన్న మాట ఎక్కడ వింటాను? పోనీ నిజమేననుకుందామంటే, పలకకపోతే బతికున్నట్టేనని ఎవరు చెప్పారు? ఎక్కడో దూరదేశంలో పోయినవాడు ఇక్కడ ఎందుకు పలుకుతాడు? కోపం తీరనివాడు పలుకుతాడా? ఈ ప్రశ్నలు వేసుకుంటున్నానంటే నేను నమ్ముతున్నట్టేనా? అదీ తెలియదు. రెండు కాగితాలూ నా దగ్గరే ఉన్నాయి. ఎవరికి చూపించినా నా చేతిరాతే అంటారు.

ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక ఖాదర్ సాబ్ ఫోన్ చేస్తారు. నేను చెప్పేది ఆయనకు వినపడదు, మనవడు పక్కన కూర్చుని చెవిలో చెప్తాడు. ఈ వారం ఎటు వెతికారో చెప్పి, చివర్లో ప్రతిసారీ అదే అడుగుతారు. "గంగారాం పలకలే గదా బేటీ? నువ్వు మంచిగ ఇన్నవు గదా?"

బాగా విన్నాను సాబ్, పలకలేదు అంటాను. అది అబద్ధం కాదు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ శుక్రవారమంతా నాకు ఏ పనీ చేతికి రాదు.